సీటు బెల్టు చివర ఎర్రధూళి

2003వ సంవత్సరం. జంషెడ్‌పూర్‌లో, సాక్చి బజారు రద్దీ దాటాక వచ్చే రోడ్డు మీద ఒక కార్ల డీలర్ దగ్గర నేను వారంటీ డెస్క్ చూసేదాన్ని. ముందువైపు అద్దాల షోరూమ్‌లో కొత్త కార్లు, వెనక రేకుల షెడ్డులో పాత కార్లు. ఆ షెడ్డు మీదే ‘సర్టిఫైడ్’ అని బోర్డు పెట్టారు. ఆ మాట అప్పటికి మా ఊరికి కొత్త. అంతకుముందు పాత కారు కొనాలంటే తెలిసిన మిస్త్రీని, అంటే మెకానిక్‌ని, వెంటబెట్టుకుని వెళ్ళి, బానెట్ ఎత్తించి, అతను తల ఊపితే కొనేవాళ్ళు. సర్టిఫైడ్ అంటే ఆ మిస్త్రీ పని డీలరే చేసిపెడతాడన్నమాట. నూట ఇరవై అంశాలు పరీక్షించి, ఇంజనుకీ గేర్‌బాక్సుకీ ఏడాదిపాటు పూచీ పడుతూ ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితం అడుగున ఉండే సంతకం నాది.

ఆ ఏర్పాటు మంచిదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ‘పాత బండి అంటేనే జూదం, వారంటీలన్నీ ఉత్త మాటలు’ అని పెదవి విరిచే పెద్దమనుషులు మేముండే కాసిడీహ్ పేటలో వీధికిద్దరున్నారు. వాళ్ళతో నేను పోట్లాడని ఆదివారం లేదు. కాగితంలో లోపం లేదు. దాన్ని గోడకు తగిలించిన క్యాలెండర్‌లా చూసేవాళ్ళతోనే నా పేచీ. వాళ్ళలో కొంతకాలం నేనూ ఒకదాన్ని. ఇప్పుడు రాస్తున్నది ఆ సంగతే.

మా ఊళ్ళో పాత కార్ల బేరగాళ్ళకు ఒక మంత్రం ఉండేది: ‘ఆఫీసర్ కీ గాడీ హై.’ కారు ఊళ్ళోని ఉక్కు ప్లాంటు ఆఫీసరుదంటే ఇంక ప్రశ్నలుండవు. బంగళాలో షెడ్డు, రోజూ తుడిచే డ్రైవరు, ఇంటి నుంచి గేటు దాకా, గేటు నుంచి ఇంటి దాకా నడక. అలాంటి బండికి వంకేముంటుంది? ఊళ్ళో సగం మంది ఆ ప్లాంటు మీద బతుకుతున్నప్పుడు, ఆఫీసరు పేరు చెబితే ఎదుటివాడి బుర్ర సెలవు తీసుకుంటుంది. బీకాం చదివిన నా బుర్ర కూడా తీసుకుంది. నెలాఖరున మేనేజర్ సిన్హా ఇరవై ఫైళ్ళు నా బల్ల మీద పడేసి, “మేడమ్‌జీ, జల్దీ” అని తొందరపెట్టేవాడు. నాలుగేళ్ళ నాటి తెల్ల చిన్నకారు ఫైల్లో ఉన్నది ఇంతే: ఒకే ఓనరు, ఆఫీసరు, మీటరు మీద ముప్పై ఒక్క వేలు. నా కుర్చీకీ ఆ కారుకీ నలభై అడుగుల దూరం. లేవలేదు. సంతకం పెట్టేశాను.

ఆ కారు కొన్నావిడ పేరు సూరీడమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఊళ్ళోనే సోనారిలో ఇల్లు, భర్త ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. కారు కొన్న ఇరవై రెండో రోజున, చినుకుల్లో తడుచుకుంటూ నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ వెనకాలే, కాలికి క్యాలిపర్ తొడుక్కున్న కూతురు. క్యాలిపర్ అంటే పోలియో వచ్చిన కాలికి ఊతంగా కట్టే ఇనుప చట్రం.

“ఇది మీ సంతకమేనా అమ్మా?” అంటూ వారంటీ కాగితం నా ముందు పెట్టింది సూరీడమ్మ.

“నాదే. ఏమైంది?”

“ఏటయిందని మీరే సెప్పాల. బండి ఎనకాల నీలంగా పొగ. నిన్న గుడి మలుపులో ఆగిపోనాది. మరి కదల్లేదు. నలుగురు ఇక్కడదాకా నెట్టుకొచ్చేరు.”

నేను అందరికీ చెప్పే ముక్కే చెప్పాను. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందని, పిస్టన్ రింగులు అరిగాయని, అరుగుదల వారంటీ కిందికి రాదని. అంతా కుర్చీలోంచే.

ఆవిడ కాగితాన్ని ఇంకాస్త నా ముందుకు జరిపింది. “ఇరవై రోజులకే అరిగిపోద్దా? మా ఇంట్లో రుబ్బురోలు పాతికేళ్ళయినాది, అదే అరగనేదు.”

నాకు నవ్వు రాబోయి ఆగింది. ఎందుకంటే ఆవిడ ఆ వెంటనే చెప్పిన మాట నవ్వేది కాదు. కూతురు జ్యోతి కాలేజీలో సైన్సు చదువుతోంది. మా ఊళ్ళో షేర్ ఆటోల సంగతి తెలిసిందే, ముగ్గురు కూర్చోవలసిన చోట ఏడుగురు. క్యాలిపర్ కాలితో ఎక్కడానికి రెండు నిమిషాలు పడుతుందని ఆటోవాళ్ళు ఆ పిల్లను చూసి ఆపడమే మానేశారు. కిందటేడు హాజరు చాలక ప్రాక్టికల్స్‌కు రానివ్వలేదు, ఏడాది పోయింది. ఈసారీ పోతే చదువు మానిపించేస్తానని తండ్రి తేల్చేశాడు. అందుకని నలభై రెండేళ్ళ వయసులో సూరీడమ్మ కారు నడపడం నేర్చుకుంది. మూడు వారాలు పిల్ల ఒక్క క్లాసు తప్పలేదు. ప్రాక్టికల్స్‌కి ఇంకా పది రోజులే ఉన్నాయి.

“మా ఆయన మొదట్నుంచీ వొద్దన్నాడు. ఆడోళ్ళకి కారేటన్నాడు. నానే పట్టుబట్టేను. ఇప్పుడింటికెల్లి ఏటి సెప్పమంటారు?”

అంతవరకూ మాట్లాడని జ్యోతి వారంటీ పుస్తకం నా వైపు తిప్పింది. తల్లి తెలుగులో అడిగేదానికీ ఆ పిల్ల హిందీలోనే జవాబిచ్చేది. నాతోనూ అంతే. “ఆంటీ, క్లాజ్ గ్యారహ్ పఢా హై ఆప్‌నే?”

పదకొండో క్లాజు చదివారా అని అడుగుతోంది. వారంటీ డెస్క్ మీద కూర్చున్నదాన్ని నేను. చదవలేదు. ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. పుస్తకం లాక్కుని అక్కడే చదివాను. సర్టిఫికెట్‌లో రాసిన బండి వివరాలు తప్పని తేలితే, అరుగుదల మినహాయింపు చెల్లదు, మరమ్మతు మొత్తం డీలరే భరించాలి. దాని కిందే పన్నెండో క్లాజు: మరమ్మతు మూడు రోజులు దాటేట్టుంటే, వారంటీ డెస్క్ అనుమతితో కస్టమరుకు వేరే బండి ఇవ్వవచ్చు. రెండేళ్ళ నుంచి నా చేతిలో ఉన్న అధికారం. నాకే తెలియదు.

అప్పుడు లేచాను. నలభై అడుగులు నడిచాను.

షెడ్డులో రఫీక్ మిస్త్రీ అప్పటికే ఆ కారు బానెట్ ఎత్తి చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవం, చెప్పవలసింది సగమే చెప్పే అలవాటు. “గట్టి ఆయిల్ పోసి అమ్మారు మేడమ్. చిక్కటి ఆయిల్ పోస్తే అరిగిన ఇంజన్ కూడా నెలరోజులు పొగ దాచుకుంటుంది,” అన్నాడు హిందీలో. బ్రేకు పెడల్ చూపించాడు. దాని మీది రబ్బరు కొత్తది, పక్కనే ఇనుప కడ్డీ అరిగి మెరుస్తోంది. “ముప్పై ఒక్క వేలు నడిచిన బండికి పెడల్ రబ్బరు ఎందుకు మారుస్తారు?” నేను ఆ కడ్డీ తడిమి చూస్తుంటే, “సీటు బెల్టు లాగండి. మొత్తం లాగండి,” అన్నాడు.

లాగాను. పైన ఉన్న మూరెడు శుభ్రంగా బూడిదరంగులో ఉంది. ఇంకా లాగితే గోధుమరంగు. చివర, చుట్టలోపల, తుడిచేవాళ్ళ చెయ్యి అందని జానెడు ముక్క ఇటుకలా ఎర్రగా ఉంది. నా వేళ్ళకు అంటుకుంది. ఆ రంగు జంషెడ్‌పూర్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. నోవాముండి వైపు ఇనుప గనుల ధూళి. అటు వెళ్ళొచ్చినవాళ్ళ చొక్కాలు మూడు ఉతుకులకు గాని తెల్లబడవు. మా వైపు ఆ రోజుల్లో బెల్టు పెట్టుకునేవాళ్ళు లేరు, గనుల లోపల తప్ప. అక్కడ పెట్టుకోకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

రఫీక్ ముందు సీటు కింద కార్పెట్ అంచు స్క్రూడ్రైవర్‌తో లేపాడు. కింద రేకు మీద అదే ఎరుపు, వేలు మందాన. ఆ కార్పెట్ కొత్తది. మేమే వేశాం. అమ్మకానికి వారం ముందు వేసినట్టు మా వర్క్‌షాపు జాబ్ కార్డులో ఉంది. జాబ్ కార్డంటే బండికి ఏ రోజు ఏ పని చేశారో రాసే చీటీ. అంటే ఆ ధూళి మా తలుపు దాటకముందే బండిలో ఉంది. ఆరా తీస్తే, ఆఫీసరు కొన్నమాట నిజమే. ఏడాది వాడి గనుల కాంట్రాక్టరుకు అమ్మేశాడు. బండి కాగితాల్లో పేరు మాత్రం మార్పించలేదు. మిగతా మూడేళ్ళూ ఆ కారు ఎర్రధూళిలో సూపర్‌వైజర్లను మోసింది. మీటరు ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో తిప్పినవాడికే తెలియాలి.

సిన్హా దగ్గరికి వెళ్ళాను. బెల్టు, కార్పెట్, జాబ్ కార్డు, అన్నీ చెప్పాను. అతను టీ కప్పు కింద పెట్టకుండానే విన్నాడు.

“మేడమ్‌జీ, లేడీ డ్రైవర్ కదా. హాఫ్ క్లచ్ మీద నడిపి ఇంజన్ తినేసింది. అదే రాసేయండి.”

“క్లచ్ సగం తొక్కిపట్టి నడిపితే క్లచ్ ప్లేటు పోతుంది సార్. పిస్టన్ రింగులు అరిగేముందు డ్రైవరు ఆడా మగా అని చూడవు. ఇరవై ఏళ్ళుగా కార్లు అమ్ముతున్నారు, ఇది నేను చెప్పాలా?”

అతని మొహంలో రంగు మారింది. అప్పుడు గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు. “సరే. బండి వివరాలు అబద్ధం అని రాయండి. ఆ అబద్ధం కింద సంతకం ఎవరిది? నాదా? ఉద్యోగం ఎవరిది పోతుంది?”

ఇన్నాళ్ళూ నా చేత ఎందుకు సంతకాలు పెట్టించుకున్నాడో ఆ నిమిషంలో అర్థమైంది. ఏదో ఒక రోజు నా నోరు మూయించడానికే. నా నోరు అంత తేలిగ్గా మూతపడేదే అయితే మా అత్తగారు ఎప్పుడో సుఖపడేది.

“నాదే సార్. అదే రాస్తాను,” అన్నాను.

బల్ల దగ్గరికొచ్చి కలకత్తాలోని ఏరియా ఆఫీసుకు ఉత్తరం రాశాను. కారు తయారుచేసే కంపెనీ తరఫున మా బోటి డీలర్ల మీద అజమాయిషీ చేసేది ఆ ఆఫీసే. మొదటి వాక్యం: ‘ఈ కారును నేను చూడకుండా సర్టిఫికెట్ మీద సంతకం చేశాను.’ రెండో వాక్యం: ‘ఈ రోజు చూశాను.’ ఆ తర్వాత చూసిందంతా రాసి, జాబ్ కార్డు నకలు జతచేసి ఫ్యాక్స్ చేశాను. పోయేది నా జీతమని తెలిసే చేశాను. ఆ జీతం మీద మా ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు నడుస్తున్నాయి.

ఇంకో కాగితం కూడా రాశాను. పన్నెండో క్లాజు కింద, మరమ్మతు అయ్యేదాకా సూరీడమ్మకు మా టెస్ట్ డ్రైవ్ కారు ఇవ్వడానికి అనుమతి. కొనబోయేవాళ్ళు నడిపి చూడడానికి ఉంచే ఆ కొత్త కారంటే సిన్హాకు ప్రాణం. ఈసారి బయటికెళ్ళి, టైర్లు తట్టి, బెల్టు లాగి, ఇంజన్ విని, అప్పుడే సంతకం పెట్టాను. తాళాలు ఆవిడ చేతికిచ్చాను.

సూరీడమ్మ వెంటనే తీసుకోలేదు. “మీకేటీ కాదు కదమ్మా?”

“ఏదో ఒకటి అవుతుంది. మీరు పిల్లను కాలేజీకి తీసుకెళ్ళండి.”

“మమ్మీ, చలో,” అంది జ్యోతి, అప్పటికే ముందు సీట్లో కూర్చుని కాలు లోపలికి సర్దుకుంటూ. తర్వాత అద్దం దించి నా వైపు చూసింది. “థాంక్యూ ఆంటీ. అగ్లీ బార్ పహ్లే పఢ్ లీజియేగా.” ఈసారి ముందే చదవండి అని. పద్దెనిమిదేళ్ళ పిల్ల నాకు పెట్టిన చురక. అంతకు తగినదాన్నే.

నాలుగో రోజున ఏరియా ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. వస్తూనే బెల్టు లాగాడు, కార్పెట్ ఎత్తాడు, వేళ్ళు రుమాలుకు తుడుచుకున్నాడు. ఇంజన్ మొత్తం మార్చమని సిన్హా కళ్ళెదుటే రాసిచ్చాడు. కొత్త ఇంజన్ రావడానికి పదహారు రోజులు పట్టింది. ఈలోగా జ్యోతి ప్రాక్టికల్స్ అన్నీ అయిపోయాయి, మా టెస్ట్ డ్రైవ్ కారులో వెళ్ళొచ్చింది. నాకు మాత్రం మెమో వచ్చింది, చూడకుండా సంతకం చేసినందుకు. న్యాయమైనదే, తీసుకున్నాను. స్పేర్ పార్ట్స్ కౌంటరుకు పంపారు. అక్కడ ఎనిమిది నెలలు బల్బులూ బెల్టులూ అమ్మాను. ఏరియా ఆఫీసు కొత్త నియమం తెచ్చాక, అంటే సంతకం పెట్టేవాళ్ళే బండి దగ్గరికి వెళ్ళి చూడాలన్నాక, ఆ పనికి ముందుకొచ్చేవాళ్ళు లేక నన్నే వెనక్కి పిలిచారు. సిన్హా చేత ఆ పిలుపు చెప్పించుకోవడం నా ఉద్యోగ జీవితంలో రుచికరమైన నిమిషాల్లో ఒకటి.

దాంతో మోసాలు ఆగిపోయాయని అనుకునేరు. బేరగాళ్ళు బెల్టులు ఉతకడం నేర్చుకున్నారు. నేను ఉతికిన బెల్టును వాసన చూసి పట్టుకోవడం నేర్చుకున్నాను. నాలుగేళ్ళ బండిలో బెల్టు సబ్బు వాసన వేస్తే, ఎందుకుతికారని అడిగేదాన్ని. వాళ్ళు కార్పెట్ కింద కడగడం మొదలుపెడితే నేను డోరు రబ్బరు వెనక వేలు పెట్టేదాన్ని. ఆ పరుగు ఇప్పటికీ ఆగలేదు.

వారంటీ వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. బజారు బేరగాడి దగ్గర కొని ఉంటే సూరీడమ్మకు పోట్లాడడానికి కాగితమే ఉండేది కాదు. పదకొండో క్లాజు ఉంది గనక మనిషి నిలబడగలిగింది. కానీ ఆ క్లాజు తనంతట తాను లేచి నడవదు. కొన్నవాళ్ళు చదవాలి, సంతకం పెట్టేవాళ్ళు కుర్చీ దిగాలి. రెండోది చెయ్యడానికి నాకు రెండేళ్ళు పట్టింది, అదీ ఒక పిల్ల అడిగాక.

ఐదేళ్ళ తర్వాత సూరీడమ్మ మళ్ళీ వచ్చింది. జ్యోతికి ఉద్యోగం వచ్చిందట, కొంచెం పెద్ద కారు కావాలట. సర్టిఫైడ్‌లోనే చూపించమంది. ఒక బండి ఫైలు తెరిచి ఆవిడ ముందు పెట్టాను. సర్టిఫికెట్, నూట ఇరవై అంశాలు, అడుగున నా సంతకం. ఆవిడ ఫైలు ముట్టుకోకుండా తిన్నగా షెడ్డులోకి నడిచి, తలుపు తీసి, బెల్టు పట్టుకుంది.

“మీ మీద నమ్మకం లేక కాదమ్మా,” అంది లాగుతూనే. “మీరు సూసే ఉంటారు. అయినా నానోపాలి సూసుకుంటాను.”

“చివరిదాకా లాగండి,” అన్నాను.