ఆర్కెస్ట్రా అంతా మాస్టారే

మా పియానో మాస్టారు పోయిన మంగళవారం పాలకొల్లులో కన్నుమూశారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "కాఫీలో పంచదార తక్కువైందని నన్ను కేకలేసి, తాగేసి పడుకున్నారండి. అంతే," అంది. కేకలేశారంటే చివరిదాకా బాగానే ఉన్నారన్నమాట.

మాస్టారు నరసాపురంలో ఒక బడిలో సంగీతం చెప్పేవారు. అక్కడ దొరల కాలంనాటి పియానో ఒకటుండేది. చెమ్మకి దాని పైకొసన రెండు మెట్లు మూగబోయాయి. బాగుచేసే మనిషి మద్రాసు నుంచి రావాలి, రాడు. అందుకని నా వేలు వాటిమీద పడినప్పుడల్లా మాస్టారే సరైన శ్రుతిలో "ఆ" అనేవారు. "వాయించడం నీ పని. అది పలక్కపోతే నేను చూసుకుంటాను," అనేవారు.

తొంభైల చివర్లో సింగపూర్‌లో జరిగిన అంతర్జాతీయ పియానో పోటీలో నేను ఫైనల్‌కి చేరాను. రొయ్యల చెరువులు వదిలి రాలేక నాన్న మాస్టారిని తోడు పంపారు. ఫైనల్లో ఆర్కెస్ట్రాతో కలిసి వాయించాలి. ఇంటిదగ్గర ఆ భాగమంతా మాస్టారే బల్లమీద దరువేస్తూ రెండు నెలలపాటు పాడారు. ఆయనకి దగ్గొస్తే ఆర్కెస్ట్రా ఆగేది.

అంతకుముందు రౌండ్లలో వాయించినవాటిలో ఆ పైకొస మెట్ల పని పడలేదు. ముందురోజు రిహార్సల్ కూడా వాటిదాకా రాకుండానే టైమైపోయింది. ఫైనల్లో మొదటి పది నిమిషాలు బాగానే సాగింది. అప్పుడు నా చిటికెన వేలు, మా బడి పియానోలో మూగబోయిన ఆ మెట్టుమీద పడింది. గంటలా మోగింది. ఎనిమిదేళ్ళుగా పలకనిది పలికేసరికి ఉలిక్కిపడి చేతులు తీసేశాను. ఆర్కెస్ట్రా ఆగింది. తరవాతేమిటో బుర్రలో లేదు.

మూడో వరస నుంచి మాస్టారు వయొలిన్ల భాగం గొంతెత్తి అందుకున్నారు, దరువుతో సహా. న్యాయనిర్ణేతలు వెనక్కి తిరిగారు. హాలు మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. మాస్టారు అతన్ని చేత్తో ఆపి, "ఊఁ, అందుకోవే అమ్మాయ్," అన్నారు.

అందుకున్నాను. కండక్టరు నవ్వాపుకుంటూ కర్ర ఎత్తాడు. ఇక ఎక్కడా తప్పలేదు. మాస్టారు మాత్రం ఆ మిగతాదంతా బయట, తలుపుకి చెవి ఆనించి విన్నారు.

ఆరుగురిలో ఆరోస్థానం వచ్చింది. నేను ఏడుస్తుంటే, "ఆగావు, మళ్ళీ మొదలెట్టావు. నేను నేర్పింది అదేనే," అన్నారు. ఊళ్ళో మాత్రం అందరికీ "ప్రపంచంలో ఆరోస్థానమండి" అని చెప్పారు. "ఎంతమందిలో మాస్టారండీ?" అని ఎవరైనా అడిగితే, "నీకు సంగీతం తెలుసా ఏంటి?" అనేవారు.

ఇప్పుడు నేనూ పిల్లలకి పియానో చెబుతున్నాను. ఎవరైనా మధ్యలో ఆగిపోతే కసురుకోను. పక్కన కూర్చుని పాడతాను.

ఆనాడు సింగపూర్ నుంచి తిరుగు ప్రయాణంలో, రైలు భీమవరం దాటాక, మాస్టారు కిటికీ పక్కన నిద్రపోయారు. పొద్దుటి ఎండ ఆయన చేతులమీద పడుతోంది. ఒళ్ళో ఉన్న పెట్టెమీద వేళ్ళు కదులుతున్నాయి. అది నా భాగమే. నేను ఆగిన చోటు వచ్చింది. ఆ వేళ్ళు ఆగలేదు.