గౌనులో ఉండిపోయిన సూది

మా వారికి మాంచెస్టర్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, 1999లో, నేను అక్కడి ఒక చిన్న థియేటర్‌లో దుస్తులు కుట్టే పనిలో చేరాను. చేరిన మూడో వారంలోనే ఇది జరిగింది.

అప్పుడు ఆడుతున్న నాటకంలో కథానాయిక వేషం లావణ్యది. అక్కడే పుట్టి పెరిగిన పంతొమ్మిదేళ్ల తెలుగమ్మాయి. మొదటిసారి స్టేజీ ఎక్కుతోంది. తెర లేవడానికి ఐదు నిమిషాలుందనగా గౌను జిప్పు ఊడి చేతికొచ్చింది.

"ఆంటీ, ప్లీజ్! క్విక్!" అంది ఏడుపు గొంతుతో. గౌనును ఒంటిమీదే గబగబా కుట్టేసి పంపాను.

తర్వాత చూసుకుంటే ఒక సూది తక్కువైంది. నేలంతా వెతికాను, నా స్వెట్టర్ దులిపాను. లేదు. గౌనులోనే ఉండిపోయిందని అర్థమైంది. తెర పక్కన నిలబడి, ఆమె కుర్చీలో కూర్చున్నప్పుడల్లా కళ్లు మూసుకున్నాను.

విరామంలో పరుగున వెళ్లి, "కదలకమ్మా, నీ గౌనులో సూది ఉంది" అన్నాను.

"ఐ నో ఆంటీ. ఫస్ట్ సీన్ నుంచీ గుచ్చుతోంది. మధ్యలో ఎలా వస్తాను?" అంది. నడుము దగ్గర ఉన్న సూదిని లాగేశాను. పక్కనే రక్తపు మరక.

ఇంతలో మా సూపర్‌వైజర్ వచ్చి ఆ మరకేమిటని అడిగింది. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. లావణ్య తడుముకోకుండా, "నా గోరు గీసుకుంది" అని చెప్పేసింది.

తర్వాత ఆమె టీవీలో కూడా మంచి పేరు తెచ్చుకుంది. నేను మాత్రం మళ్లీ ఎప్పుడూ సూదులు లెక్కచూసుకోకుండా ఎవరినీ స్టేజీ మీదికి పంపలేదు.