తోలు చిరిగిన చోట

భవానీపూర్‌లో ఎక్కినప్పటి నుంచీ న్యూ టౌన్ బస్సు కదిలింది తక్కువ, ఆగింది ఎక్కువ. దానికి తోడు పక్కన కూర్చున్న పెద్దాయన నా ఒళ్ళోని ఫొటోలోకి తల దూర్చేశాడు. అంతకుముందు నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విన్నాడు, ఈ బెంగాలీ ఊళ్ళో ఓ తెలుగువాడు దొరికాడని ఇక వదల్లేదు.

"ఏటి బాబూ అది?"

అదో ప్రాచీన హీబ్రూ కీర్తన అనీ, రాసిన తోలు చిరిగి ముక్కలే మిగిలాయనీ చెప్పాను. "ఇక్కడ 'నువ్వు వచ్చేదాకా నేను' అని ఉంది. ఆ తర్వాత చిరుగు. అక్కడ ఏ మాట ఉండేదో ఊహించి రాయడమే నా పని."

"ఎదురుచూస్తాను! ఇంకేటుంటాది? రాసీండి."

"ఏడుస్తాను కావచ్చు, పాడతాను కావచ్చు. అంచున మిగిలిన సగం అక్షరాన్ని బట్టి 'నిద్రపోను' అని నా ఊహ."

"అబ్బే, అది కాదు బాబూ."

నా ఇన్నేళ్ళ చదువును ఈగను తోలినట్టు తోలేశాడు. నాకు ఒళ్ళు మండింది.

అంతలో కిటికీ పక్కనున్న ఆయన భార్య "అదీ... అదీ..." అంది. పక్షవాతం వచ్చాక ఆవిడకు ఆ ఒక్క మాటే మిగిలిందట.

"నీళ్ళా?" అంటూ సీసా అందించాడు. ఆవిడ ఆయన చేతిమీద ఒక్కటి వేసింది.

"కిటికీ ముయ్యాలా?" మళ్ళీ దెబ్బ.

"శాలువా?" ఈసారి గట్టిగానే తగిలింది.

"మరేటి కావాలే నీకు?" అని విసుక్కున్నాడు. కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆవిడ ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. నేను దిగేదాకా ఆవిడకేం కావాలో తేలలేదు.

తర్వాత నా 'నిద్రపోను' అచ్చయింది. ఎవరూ కాదనలేదు. ఆ తోలుముక్క నా చేతిమీద ఒక్కటి వేస్తే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.