పరిమితిలోనే ఉంది

ఆమె ఆహార తనిఖీ అధికారి. వీధి మలుపులో ఆమె కనపడితే చాలు, కొట్లవాళ్ళు "శాంపిలమ్మ వస్తోంది" అని ఒకరి చెవిలో ఒకరు వేసుకుంటారు. ఆమెకు ఆ సంగతి తెలుసు. పట్టించుకునే ఓపిక ఎప్పుడో పోయింది. సరుకు కొనడం, నాలుగు భాగాలు చేయడం, లక్క కరిగించి సీలు వేయడం, ల్యాబుకు పంపడం. ఫలితం వచ్చేసరికి ఆ సరుకంతా జనం కడుపుల్లో హాయిగా అరిగిపోయి ఉంటుంది. పైగా దారిన పోయే ప్రతివాళ్ళకీ ఆమే డాక్టరు. "చక్కెర బదులు వేసే ఆ పొడి మంచిదేనా మేడం? పేపర్లో ఏదేదో రాశారే?" అని ఆపి మరీ అడుగుతారు. "పరిమితిలో ఉంటే పరవాలేదు" అంటుంది. అంతకు మించి ఉద్యోగం ఆమెను అననివ్వదు.

ఇంట్లో భర్తకు చక్కెర జబ్బు. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి, తీపంటే ప్రాణం. ఆయన టీలో ఆమె చక్కెరా వేయనివ్వదు, దాని బదులు వేసే తీపి బిళ్ళా వేయనివ్వదు. ఆయన మొహం చిట్లించుకుని తాగుతాడు. సాయంత్రం షికారు నుంచి మాత్రం కళకళలాడుతూ తిరిగొస్తాడు. నడక ఒంటికి పడిందని ఆమె మురిసిపోయింది, పిచ్చిది.

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ కూల్‌డ్రింకుల కొట్టు ముందు ఆగిపోయింది. గోడ మీద అద్దం బిగించిన కాగితం. చక్కెర లేని నిమ్మ పానీయం గురించి ఆ కొట్టుకు ఆమె పంపిన ఫలితమే అది: తీపి పదార్థం పరిమితిలోనే ఉంది. అడుగున ఆమె సంతకం. ఆ గోడకే ఆనుకుని బెంచీ మీద ఆమె మొగుడు, చేతిలో సీసా, పక్కన ఖాళీ సీసాలు.

"అదేంటయ్యా, దాన్ని గోడకెక్కించావు?" అని కొట్టువాణ్ణి నిలదీసింది.

"మీరు పాస్ చేశాక ఇంక భయమేముంది మేడం! పిల్లలక్కూడా పూటకొకటి కొనిపెడుతున్నారు. ఏం, మీరు రాసింది తప్పా?"

తప్పు కాదు. అదే వచ్చిన చిక్కు. సీసాలో ఎంత ఉందో ఆమె రాసింది. మనిషి ఎన్ని సీసాలు తాగుతున్నాడో ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

భర్త తల దించుకోలేదు. "నేనేం దొంగతనంగా తాగట్లేదు. ఇంట్లో నువ్వు వద్దంటావు, ఇక్కడ నీ సంతకం తాగమంటుంది. సంతకాన్ని నమ్మాను" అన్నాడు.

ఆమె బెంచీ మీద కూలబడింది. కాళ్ళు పీకుతున్నాయి.

"ఇంతకీ ఇది నాకు చేటు చేస్తుందా, చెయ్యదా? ఆఫీసు మాటొద్దు, నీ మాట చెప్పు" అన్నాడు ఆయన.

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఏడుపొచ్చింది.

"నాకు తెలీదండీ. రోజూ ఇన్నేసి తాగితే ఏమవుతుందో నిజంగా నాకు తెలీదు."

ఆయన సగం మిగిలిన సీసాను పక్కన పెట్టేశాడు.

"ఈ మాట ఇంట్లోనే చెప్పుంటే ఎప్పుడో మానేసేవాణ్ణి కదే" అన్నాడు.