ఇద్దరు పాపలు కనిపించిన సాయంత్రం

ఆ సాయంత్రం పాపకు జోల పాడుతుంటే నా గొంతు ముక్కులోంచి వచ్చింది. పక్కగదిలో ఇంకెవరో పాడుతున్నట్టు వినిపించింది. కనురెప్పలు వాలాయి. ఊయలలో ఇద్దరు పాపలు కనిపించారు. ఎత్తుకోబోతే చేతికి ఉత్త పరుపు తగిలింది.

మా ఇల్లు పాతబస్తీ ఛత్రినాకలో. అత్తమ్మ ఇంటింటికీ పాలు పోస్తుంది. "మస్తు సదివినవ్ గద, నిద్ర ఆపుకునుడు కాలేజీల జెప్పలేదా?" అంది. నవ్వబోయాను. పెదవులు కదలలేదు. ఆమె నవ్వు కూడా ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాం. నిద్రపోయి లేచాను కనుక మామూలుగానే ఉన్నాను. రక్తం తక్కువేమోనని టానిక్ రాసి పంపారు. ఆ తరవాత రోజూ మధ్యాహ్నానికి జడ వేసుకుంటుంటే చేతులు నీళ్ళలో మునిగినట్టు మెల్లగా దిగిపోయేవి. ముద్ద సగం నమిలాక దవడ ఆగేది. ఇక పాపను ఎత్తుకోగలనా అన్నదొక్కటే నా భయం.

నెల తరవాత మావారు నన్ను సాయంత్రం పూట మరో డాక్టరుకు చూపించారు. ఆయన పైకే చూస్తూ ఉండమన్నారు. రెప్పలు వాలిపోయాయి. నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి కిటికీలోని రెండు వేపచెట్లు దగ్గరికి జరిగి ఒక్కటయ్యాయి.

"దీన్ని మయస్థీనియా గ్రావిస్ అంటారమ్మా."

నరం చివరకూ కండకూ మధ్య సన్నని ఖాళీ ఉంటుందట. నరం వదిలిన అసిటైల్‌కొలిన్ అనే రసాయనం ఆ ఖాళీ దాటి కండను కదలమంటుంది. వెంటనే ఒక ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. నాలో ఆ కబురు సరిగా అందడం లేదు. మందు ఎంజైమ్‌ను కాసేపు ఆపి కబురుకు వ్యవధి ఇస్తుంది, జబ్బును మాత్రం తీసేయదు. తిరిగి వస్తూ రిక్షాలోంచి చూస్తే పురానాపూల్ వంతెన మీద బండ్ల లాంతర్లు ఒకదాని వెనక ఒకటి ఏరు దాటుతున్నాయి. నా ఒంట్లో వంతెన లేని ఏర్లు ఎన్ని ఉన్నాయో అనుకున్నాను.

డాక్టరు రాసిచ్చిన మాత్ర వేళకు వేసుకుంటూ పాపను ఎత్తుకున్నాను, పాడాను. ఆషాఢం వచ్చింది. అమ్మవారికి బోనం సమర్పించేదాకా మా ఇంట్లో ఆడవాళ్ళం ఏమీ నోట పెట్టం. మాత్ర కూడా నోట పెట్టేదే కదా అని నా అంతట నేనే మానేశాను. బయాలజీ చదివిన దాన్ని.

బోనం కుండ అత్తమ్మ తలమీద, పాప నా చంకన. డప్పులు ఎక్కడో దూరంగా మోగాయి. వీధి రెండు వీధులైంది. నా చేయి సడలింది. అత్తమ్మ ఒక చేత్తో బోనం పట్టుకుని రెండో చేత్తో పాపను అందుకుంది. నా గొంతులో ఉమ్మి కూడా దిగడం లేదు. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ ఇంజెక్షన్.

"మందుకు ఉపవాసం లేదమ్మా," అన్నారు డాక్టరు.

అత్తమ్మ నన్ను ఇంటికి తీసుకొచ్చింది. గడప దగ్గర ఆగింది.

"ఒక్క మాట అడగొద్దా బిడ్డా? అమ్మవారికి నీ ఆకలి సాలు. నీ చేతులు దీస్కొని ఏం జేసుకుంటది?"

రెండేళ్ళయింది. జబ్బు పోలేదు. జలుబు చేస్తే ఎక్కువవుతుంది. ఇప్పుడు బోనం మీద దీపం పెట్టకముందే అత్తమ్మ నా అరచేతిలో మాత్ర పెడుతుంది. ఇది చదివే మీలో వేళకు మందు వేసుకునేవారు ఉపవాసం పట్టే ముందు డాక్టరునూ, ఇంటి పెద్దనూ అడగండి. మీ అంతట మీరు మానకండి.

అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఎడమ రెప్ప వాలుతోంది. కలం పక్కన పెట్టి పాప మీద చేయి వేశాను. వెచ్చగా ఉంది. ఒక్కతే ఉంది.