టేపు కింద ముల్లు

ఊళ్లో కారు తోలేవాళ్లలో సగం మంది డ్రైవింగ్ మాస్టారి శిష్యులే. ఆయన రోడ్డు మీద కనిపిస్తే హారన్ కొట్టి మరీ పలకరిస్తారు. అలాంటి మనిషి పెళ్లయిన ఇన్నేళ్లకు గాని సొంత భార్య చేతికి స్టీరింగ్ ఇవ్వలేదు. దీపం కిందే చీకటి అంటారు కదా, అదే.

తీరా ఇచ్చాక నాలుగు రోజులు తిరక్కుండానే, మిట్ట ఎక్కుతుండగా ఇంజన్ కీచుమని పట్టేసింది. మాస్టారి నోరు ఊరుకుంటుందా? నలుగురూ చూస్తుండగా నడిరోడ్డు మీదే అందుకున్నాడు. "క్లచ్చి మీద కాలు తియ్యమని ఎన్నిసార్లు చెప్పాను? చంపేశావు బండిని." ఆవిడ తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, ఇంటికి నడిచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఒకటే మాట. "అమ్మేయండి. నా చేతికి అచ్చిరాలేదు. అది కళ్ల ముందుంటే నాకు అన్నం సయించదు. ఇంక జన్మలో స్టీరింగ్ ముట్టుకోను."

మాస్టారికేమో ఆ బండంటే ప్రాణం. బాగు చేయిద్దామంటే ఆవిడ ఒప్పుకోదు, అమ్ముదామంటే ఆయన మనసొప్పదు. అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూనే, బండిని లాగించి పెట్టిన గ్యారేజీకి వెళ్లాడు.

మెకానిక్కు ఎవరో కాదు, స్వయానా బావమరిది. ఇంజన్ విప్పి, సామాన్లన్నీ పాత గోనెపట్టా మీద పరిచి కూర్చున్నాడు.

"రేడియేటర్లో నీళ్లు ఎప్పుడో కారిపోయాయి బావా. వేడికి పిస్టన్లు పట్టేశాయి."

"మీ అక్క క్లచ్చి మీద కాలు..."

"క్లచ్చికీ దీనికీ సంబంధమే లేదు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటే ఉంటుంది. అది కనపడకుండా నల్లటేపు వేసిందెవరు?"

ఇంకెవరు, మాస్టారే. కొత్తగా నేర్చుకునేవాళ్లు రోడ్డు వదిలేసి ముళ్ల వంక చూస్తారని, డాష్‌బోర్డు మీద స్పీడు తప్ప అన్నీ మూసేశాడు. అది తన సొంత పద్ధతని అందరి దగ్గరా గొప్పలు కూడా పోయేవాడు. ఇప్పుడు ఆ గొప్ప గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది.

బావమరిది చేతులు తుడుచుకున్నాడు. "పాత సామాన్ల షాపాయన వచ్చి చూసెళ్లాడు. ఉన్నదున్నట్టు తోలుకుపోతానన్నాడు. ఇంజన్ మారిస్తే మాత్రం ఇంకొన్నేళ్లు ఢోకా లేదు. నీ ఇష్టం బావా. అక్కకి నేనైతే ఏమీ చెప్పను."

అమ్మేస్తే టేపూ పోతుంది, తప్పూ పోతుంది. పైగా భార్య కోరిందే చేసినట్టవుతుంది. ఇంటికి నడుస్తూ మాస్టారు ఆ దారినే చాలాసేపు ఆలోచించాడు. కానీ అలా చేస్తే ఆ మనిషి బతికినన్నాళ్లూ తన చేతినే తిట్టుకుంటుంది. అది తలుచుకుంటే ఆయనకు నిజంగానే భయం వేసింది.

ఆవిడ మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేశాడు.

ఆవిడ చేతిలోని చొక్కా మడత పూర్తిచేసింది. "మాడు వాసన వస్తోందండీ అని మీకు రెండుసార్లు చెప్పాను."

ఆయనకు గుర్తొచ్చింది. రెండుసార్లూ తనేమన్నాడో కూడా గుర్తొచ్చింది. ముక్కు కాదు, కళ్లు ముందు పెట్టు అన్నాడు.

"నిజమే. వినలేదు," అన్నాడు. "బండిని ఏం చేద్దామో నువ్వే చెప్పు."

"బాగు చేయించండి. దాని తప్పేముంది? మీకు పాఠాలు చెప్పుకోవడానికి కావాలిగా." ఇంకో చొక్కా అందుకుంది. "నేనూ నేర్చుకుంటాను. మీ దగ్గర కాదు, మా తమ్ముడి దగ్గర."

ఊరందరికీ గురువైన మనిషికి ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. అయినా చెప్పులు వేసుకుని బయల్దేరాడు. గ్యారేజీకి తిరిగొచ్చి ఇంజన్ మార్చెయ్యమన్నాడు, భార్య కోరికా చెప్పాడు. బావమరిది నవ్వాపుకుంటూ, ఆవిడకు నేర్పేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమన్నాడు.

మాస్టారు బండిలోకి వంగి, వేడి ముల్లు మీది నల్లటేపు పీకేశాడు.

"ఏదో వాసన వస్తోందని మీ అక్క అంటే," అన్నాడు, "ముందు బండి ఆపు."