పెనం అలిగిన రోజు

నా చిన్నప్పుడు మా అమ్మ స్థిమితంగా కూర్చుని తినగా చూసింది బహు తక్కువ. గద్వాలలో మాది మగ్గం ఇల్లు. నాన్న నేస్తుంటే అమ్మ రాట్నం తిప్పి కండెలకు దారం చుట్టి అందించాలి. కండె ఆగితే మగ్గం ఆగుతుంది. అందుకని పొయ్యికీ రాట్నానికీ మధ్య తిరుగుతూనే, నిలబడి రెండు ముద్దలు నోట్లో వేసుకునేది. అదీ అందరూ తిన్నాక, గిన్నెలో ఏమన్నా మిగిలితే.

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో డెన్మార్క్ వాళ్ల పొంగనాలు చూసి, అవే కావాలని పట్టుబట్టింది. మైదా, పాలు, గుడ్లు, చక్కెర కలిపిన పిండి. పెనం మాత్రం మన గుంతల పెనమే. అక్కడివాళ్లు స్వెటర్లు అల్లే సూదితో కొంచెం కొంచెంగా తిప్పుతారట, బంతుల్లా గుండ్రంగా వస్తాయి. మా కోడలు వారమంతా బస్సులో కొత్తకోటకు పోయి ఉద్యోగం చేసి వస్తుంది. ఆ ఒక్క సెలవు రోజూ పుల్ల పట్టుకుని పొయ్యి ముందు నిలబడింది. మొదటి వాయి దిగగానే ఆ పుల్ల నేను తీసుకుని, పళ్లెం ఆమె చేతిలో పెట్టి కూర్చోమన్నాను. మనవరాలు మూతి ముడుచుకుంది. ఎందుకలా చేశానో చెప్పే ఓపిక ఆ పూట నాకు లేదు. మోకాళ్లు నొస్తుంటే మాట కూడా బరువే. ఇప్పుడు చెప్తున్నాను.

ఒక ఏడు వానాకాలంలో అమ్మకు జ్వరం పట్టుకుని చాలా రోజులు వదల్లేదు. వదిలేసరికి మనిషి చిక్కి పుల్లయిపోయింది. సరిగా తినకపోతే మళ్లీ పడుకుంటుంది, ఈసారి లేవడం కష్టమని దవాఖానలో డాక్టరు నాన్నతో అన్నాడు. పక్కనే ఉండి విన్నాను. ఇక నాకు పొద్దస్తమానం అదే భయం. అమ్మేమో జొన్నరొట్టె గొంతు దిగడం లేదని పక్కన పెట్టేది. అన్నం వండితే మా పళ్లేల్లోకి తోసేది. నాన్న కసురుకున్నాడు, బతిమాలాడు. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

మా పక్కింటి పెద్దమ్మ రాయచూరు దిక్కు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. నోరు పెద్దది. ఒకనాడు పొద్దున్నే రుబ్బిన పిండీ, ఇనుప పెనమూ పట్టుకుని మా వంటింట్లోకి వచ్చి పొంగనాలు పోసింది. మొదటి వాయి ఎర్రగా దిగింది. దాన్ని ఇంటి ఇల్లాలే కూర్చుని తినాలనీ, లేకుంటే పెనం అలుగుతుందనీ, తమ దిక్కు అదే ఆచారమనీ చెప్పింది. అమ్మ నవ్వేసి పళ్లెం మాకే తోసింది. మేం ఊదుకుంటూ తినేశాం.

పెద్దమ్మ రెండో వాయికి గుంతల్లో నూనె వేయకుండానే పిండి పోసింది. నేను చూశాను. నోరు తెరవబోతే తొడ మీద గట్టిగా గిల్లింది. ఇంకేముంది, పొంగనాలన్నీ గుంతలకు అతుక్కుపోయి, గీకితే ముక్కలుగా లేచాయి.

"చూసినవా చెల్లె, అలిగింది. ఇగ నువ్వు గూసోని తినేదాంక ఒక్కటి లేవదు. పిల్లలను పస్తు పండవెడ్తవా, నీ ఇష్టం."

అప్పుడే లోపలి నుంచి నాన్న కండె కోసం పిలిచాడు. అమ్మ లేవబోయింది. పెద్దమ్మ అమ్మ భుజం పట్టి ఆపి, మగ్గం జరసేపు ఆగితే కొంపలేం మునగవని నాన్నకు వినబడేట్టు అరిచింది. లోపల చప్పుడు ఆగిపోయింది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పెద్దమ్మ పెనం తోమి, నూనె వేసి, మళ్లీ పోసింది. ఆ వాయి మొత్తం అమ్మే తింది. చూస్తూ చూస్తూ నాకు ఏడుపొచ్చేసింది. అటుపైన పెద్దమ్మ రోజూ వచ్చి, రొట్టెల పెనమూ అలుగుతుందని, అన్నం కుండా అలుగుతుందని ఏదో ఒకటి కల్పించేది. దసరా నాటికి అమ్మ ముఖం తేటపడింది.

నూనె సంగతి కడుపులోనే దాచుకున్నాను. పెద్దమ్మ పోయిన చాన్నాళ్లకు, అమ్మ మంచాన ఉన్నప్పుడు, కాస్త నవ్విద్దామని చెప్పాను. అమ్మ నవ్వలేదు. నూనె లేని గుంతలో పిండి పడితే సుయ్యిమనదు కదా, ఆ మాత్రం తెలియకుండానే ఇన్నేళ్లు వండానా అంది. మరి తెలిసీ ఎందుకు తిన్నావని అడిగాను.

"అందరు తినుమన్నరు బిడ్డా. పని ఆపి కూసొమ్మన్నది ఆమె ఒక్కతే."

ఇంట్లో మేమంతా అమ్మను తినమని పోరినవాళ్లమే. ఇప్పుడు నా ఒంట్లోనూ సత్తువ తగ్గింది, పూటకోసారి నడుం వాల్చాల్సి వస్తోంది. అయినా అలిసిన మనిషి ఎవరు కనబడ్డా, తిన్నావా అని అడగను. ముందు వాళ్ల చేతిలో పని అందుకుంటాను.